ఏ బడి మంచిది? నగరంలోని ఉన్నత పాఠశాలలను పోల్చి చూడటం గురించి

(కోయంబత్తూరులో తెలుగు కుటుంబాల సభలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకు అప్పగించిన విషయం పైకి చిన్నదిగా కనిపిస్తుంది. మన పిల్లలను ఏ హైస్కూలులో చేర్చాలి? నేను ఈ నగరంలో ముప్పై ఏళ్ళకు పైగా లెక్కలు చెప్పి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. అందుచేత ఏప్రిల్ నెల వచ్చిందంటే ఈ ప్రశ్న మా గుమ్మం వద్దకు వస్తుంది. "మాస్టారూ, ఆ బడి మంచిదా, ఈ బడి మంచిదా?" అని అడుగుతారు. చాలా సంవత్సరాల పాటు నేను కాఫీ చల్లారేలోపల సమాధానం చెప్పి పంపేవాణ్ణి. అటువంటి తొందరపాటు సమాధానం ఒకటి మా ఇంటి పిల్లకే నష్టం తెచ్చింది. ఆ సంగతి కొంతసేపటికి చెబుతాను. ముందుగా, ఈ సభలో కూర్చున్న మనమెవరమో చూచుకోవాలి. ఏ బడి మంచిదన్నది అడిగేవారిని బట్టి కూడా మారుతుంది.

మనలో రెండు రకాల తెలుగువారున్నారు. ఒకరు పాతకాపులు. ఈ నగరంలో తెలుంగుపాళయం అనే పేట ఉన్నది. ఆ పేరే సాక్ష్యం. మదురలో 1529లో విశ్వనాథ నాయకునితో మొదలైన నాయక రాజ్యం 1736 వరకు సాగింది. ఆ వంశంలోని విజయరంగ చొక్కనాథుడు స్వయంగా తెలుగు వచన గ్రంథాలు రచించాడు. సేనలతో వచ్చినవారు, నల్లరేగడిలో పత్తి పండించినవారు, మగ్గాలు నేసినవారు, తోళ్ళ పని, పారిశుద్ధ్యపు పని చేసినవారు, అందరూ ఈ పాత వలసలలోని వారే. వీరి పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు. చదవటం, వ్రాయటం మాత్రం తమిళంలోనే. 2011 జనాభా లెక్కలలో తమిళనాట తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు సుమారు 42 లక్షలు. వారిలో తెలుగు అక్షరాలు వచ్చినవారెందరో ఏ లెక్కా చెప్పదు.

రెండవవారు ఇటీవల వచ్చినవారు. పంపుల ఫౌండ్రీలకు, నూలు మిల్లులకు, కట్టడపు పనులకు, కంప్యూటరు కంపెనీలకు ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల నుండి వచ్చారు. వీరికి తెలుగు చదవటం వచ్చు. వీధిలోని బోర్డు చదవటం రాదు. పాతవారు ఇక్కడి పద్ధతి మాకు తెలుసుననుకుంటారు. కొత్తవారు మన ఊళ్ళో ఉన్నట్లే ఇక్కడా ఉంటుందనుకుంటారు. ఇద్దరి అంచనాలూ తప్పుతాయి. నేను మొదటి రకంవాణ్ణి కనుక, నా తప్పు కూడా మొదటి రకానిదే.

కొత్తవారికి మొదట చెప్పవలసినది ఒకటున్నది. మన రాష్ట్రాలలో పదవ తరగతి అయిన తరువాత పిల్లవాడు బడి వదలి జూనియర్ కాలేజీలో ఇంటర్మీడియట్ చేరతాడు. బడి వేరు, కాలేజీ వేరు, బోర్డు వేరు. తమిళనాట అలా లేదు. 1978 నుండి పదకొండు, పన్నెండు తరగతులు బడిలోనే ఉన్నాయి. వీటినే ప్లస్ వన్, ప్లస్ టూ అంటారు. పది వరకు ఉన్నది హైస్కూలు. పన్నెండు వరకు ఉన్నది హయ్యర్ సెకండరీ స్కూలు. తమిళ బోర్డు మీద మొదటిదానిని ఉయర్‌నిలై పళ్ళి అని, రెండవదానిని మేల్‌నిలై పళ్ళి అని వ్రాస్తారు. ఆరవ తరగతిలో చేర్చేటప్పుడే ఈ ఒక్క మాట చూచుకోవాలి. ఉయర్‌నిలై బడిలో చేర్చిన పిల్ల పదవ తరగతి తరువాత మరొక బడి వెదుక్కోవాలి. అక్కడ తమ సొంత పిల్లలకు సీట్లు ఇచ్చాక మిగిలినవే బయటివారికి దొరుకుతాయి. మంచి గ్రూపు మిగలదు.

ఇంకొక బోర్డు సంగతి. అరసు అంటే ప్రభుత్వం. మానగరాట్చి అంటే నగరపాలక సంస్థ, అనగా కార్పొరేషన్. అరసు ఉదవి పెఱుమ్ అంటే ప్రభుత్వ సహాయం పొందునది, ఎయిడెడ్ బడి. మద్రాసు రాజధాని కాలం నుండి మిషనరీలు, దాతలు, కుల సంఘాలు స్థాపించిన పాత బడులలో చాలావరకు ఈ మూడవ రకానివి. వీటిలో ఉపాధ్యాయుల జీతం ప్రభుత్వం ఇస్తుంది, యాజమాన్యం ప్రైవేటుది. మదుర వైపు వెళితే కళ్ళర్ సీరమైప్పు అనే పేరుతో మరికొన్ని బడులు కనిపిస్తాయి. అవి ప్రభుత్వ బడులే. ఆది ద్రావిడ సంక్షేమ శాఖ బడులూ ప్రభుత్వ బడులే. అరసు అన్న మాట తరువాత ఉదవి అన్న మాట ఉన్నదా లేదా అన్నది మీరు కళ్ళు పెట్టి చూడవలసిన విషయం. ఎందుకో కొంతసేపటికి తెలుస్తుంది.

ఇక మెట్రిక్యులేషన్ బడులు. ఈ పేరుకు మనవారిలో ఉన్న గౌరవం ఇంతా అంతా కాదు. ఒకప్పుడు దానికి కారణం ఉండేది. రాష్ట్ర బోర్డు, మెట్రిక్యులేషన్, ఆంగ్లో ఇండియన్, ఓరియంటల్ అని నాలుగు పాఠ్య ప్రణాళికలు వేర్వేరుగా నడిచేవి. 2010లో సమచ్చీర్ కల్వి చట్టం వచ్చింది. దానిపై వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 2011 ఆగస్టులో తీర్పు రాగా, అప్పటి నుండి ఈ నాలుగింటికీ ఒకే పాఠ్య ప్రణాళిక, ఒకే పుస్తకాలు, ఒకే పదవ తరగతి పరీక్ష. కార్పొరేషన్ బడిలో చదివే పిల్లా, మెట్రిక్ బడిలో చదివే పిల్లా ఒకే ప్రశ్నపత్రానికి జవాబు వ్రాస్తారు. ఆంగ్ల మాధ్యమం కావాలన్నా, ప్రభుత్వ బడులలో ఎన్నో చోట్ల ఆ తరగతులున్నాయి. మెట్రిక్ బడులు చెడ్డవని నేను అనటం లేదు. వాటిలో గొప్ప ఉపాధ్యాయులను ఎరుగుదును. పేరులో వేరే చదువేమీ లేదని మాత్రమే చెబుతున్నాను. సీబీఎస్‌ఈ బడుల ప్రణాళిక వేరు. తరచు రాష్ట్రాలు మారే ఉద్యోగస్థులకు వాటి ఉపయోగం వారికే తెలుసు. ప్రైవేటు బడులలో చేర్చేవారు ఒకటి అడగండి. 2009 నాటి చట్టం ప్రకారం ఆ బడి రుసుమును ఒక సంఘం నిర్ణయిస్తుంది. ఆ నిర్ణయించిన మొత్తం ఎంతో బడివారిని అడిగే హక్కు మీకున్నది. అడిగినంత మాత్రాన ఎవరూ నొచ్చుకోనవసరం లేదు.

అమెరికాలో ఉన్న మన బంధువులు ఫోనులో తరచు చెప్పే మాట ఒకటున్నది. అక్కడ కౌంటీ పాఠశాలల జిల్లాలో ఇల్లు ఏ వీధిలో ఉంటే ఆ వీధికి నిర్ణయించిన హైస్కూలుకే సాధారణంగా పిల్ల వెళ్ళాలి. కనుక మంచి బడి కావాలంటే ఇల్లు మారాలి. మంచి బడి ఉన్న వీధిలో ఇంటి వెల పెరిగిపోతుంది. మనకు ఆ కట్టుబాటు లేదు. పీళమేడులో ఉన్నవారు రామనాథపురంలోని బడికి పోవచ్చు. విద్యార్థికి ఉచిత బస్సు పాసు ఉన్నది. ఇంత స్వేచ్ఛ ఉండి కూడా మనం బడులను పోల్చేది దేనిని చూచి? వీధి చివర కట్టిన ఫ్లెక్సీ బ్యానరును చూచి.

ఆ బ్యానరు మీద ఏముంటుంది? నూటికి నూరు శాతం ఉత్తీర్ణత. లెక్కల మాస్టారిని కనుక ఇక్కడ కాస్త ఆగుతాను, మన్నించాలి.

తమిళనాట ఎనిమిదవ తరగతి వరకు ఎవరినీ ఆపరు. వడపోత మొదలయ్యేది తొమ్మిదిలో. పదవ తరగతిలో తప్పుతాడనుకున్న పిల్లవాణ్ణి తొమ్మిదిలోనే ఆపివేయవచ్చు. లేదా తండ్రిని పిలిపించి, "వేరే బడిలో చేర్చుకోండి" అని టీసీ చేతిలో పెట్టవచ్చు. ఒక ఉదాహరణ వేసుకుందాం. ఇవి నేను ఊహించిన అంకెలే. ఒక బడిలో తొమ్మిదవ తరగతిలో 85 మంది ఉన్నారు. మరుసటి ఏట పదవ తరగతి పరీక్ష వ్రాసింది 60 మంది. అరవై మందీ ఉత్తీర్ణులు. బ్యానరు మీద నూరు శాతం. ప్రక్క వీధిలోని బడిలో తొమ్మిదిలో 152 మంది. పరీక్ష వ్రాసింది 150 మంది. గట్టెక్కింది 138 మంది. వార్తాపత్రికలో 92 శాతం. ఇప్పుడు తొమ్మిదిలో ఉన్న పిల్లల సంఖ్యతో భాగించి చూడండి. మొదటి బడికి 71 శాతం కూడా రాదు. రెండవదానికి దాదాపు 91 వస్తుంది. ఇల్లు మారి వెళ్ళినవారు కొందరుంటారు గనుక ఈ లెక్క కూడా పూర్తిగా కచ్చితం కాదు. అయినా బ్యానరు కంటే నిజానికి దగ్గరగా ఉంటుంది.

మీ పిల్లవాడు ఆ అరవై మందిలో ఉంటాడన్న నమ్మకం ఉంటే మొదటి బడి మంచిదే. మిగిలిన ఇరవై అయిదుగురిలో ఉంటే? ఆ ఇరవై అయిదుగురు ఎక్కడికి పోతారో తెలుసునా? చాలావరకు ఆ రెండవ బడికే పోతారు. వారిని చేర్చుకుని, చదివించి, వారిలో కొందరు తప్పితే శాతం తగ్గి, ఆ బడి చెడ్డ బడి అనిపించుకుంటుంది. ముప్పై ఏళ్ళు నేను ఈ వ్యవహారాన్ని లోపల నుండి చూచాను.

ప్రభుత్వానికి ఈ జబ్బు తెలియకపోలేదు. 2017లో రాష్ట్ర స్థాయి ర్యాంకులు ప్రకటించటం మానివేసింది. ప్లస్ వన్ పాఠాలు చెప్పకుండా రెండేళ్ళూ ప్లస్ టూ పాఠాలే బట్టీ పట్టించే అలవాటు కొన్ని బడులలో ప్రబలిందని, 2017-18లో ప్లస్ వన్‌కు కూడా పబ్లిక్ పరీక్ష పెట్టింది. ఫ్లెక్సీ కట్టేవారిని మాత్రం ఎవరూ ఆపలేరు.

శాతం తరువాత చూడవలసినది గ్రూపులు. ప్లస్ వన్‌లో ఏ ఏ గ్రూపులున్నాయి? గణితం, భౌతికం, రసాయనంతో పాటు జీవశాస్త్రం ఉన్నదా, కంప్యూటరు సైన్సు మాత్రమే ఉన్నదా? వాణిజ్యశాస్త్రం, అకౌంటెన్సీ ఉన్నవా? వృత్తివిద్య గ్రూపు ఉన్నదా? ఉన్నదని బోర్డు మీద వ్రాసినంత మాత్రాన చాలదు. ఆ పాఠం చెప్పే పీజీ ఉపాధ్యాయుడు ఉన్నాడా, ఆ పోస్టు ఖాళీగా ఉన్నదా? భౌతికశాస్త్రానికి ఉపాధ్యాయుడు లేని బడిలో మొదటి గ్రూపు తీసుకోవటమంటే ఎసరు పెట్టి బియ్యం కొరకు ఎదురుచూడటం. ఆడపిల్లల తల్లులు మరుగుదొడ్డి చూడండి. నీళ్ళు వస్తున్నాయా అని కొళాయి తిప్పి చూడండి. ప్రత్యేక తరగతులు సాయంత్రం ఎంతవరకు ఉంటాయి, ఆ వేళకు మీ పేటకు బస్సు ఉన్నదా అని అడగండి. పదవ తరగతిలో చక్కగా చదివే పిల్లలు బస్సు లేక మానివేయటం నేను చూచాను.

ఇప్పుడు మా ఇంటి సంగతి.

మా చెల్లెలి కుమార్తె ఎనిమిదవ తరగతి వరకు కార్పొరేషన్ బడిలో చదివింది. చురుకైన పిల్ల, జీవశాస్త్రమంటే ప్రాణం. 2021లో, కరోనా వల్ల బడులు మూతపడి ఉన్న రోజులలో, తొమ్మిదవ తరగతికి ఎక్కడ చేర్చాలన్న ప్రశ్న వచ్చింది. మా చెల్లెలు నా వద్దకు వచ్చి, "అన్నయ్యా, నువ్వు చెప్పినట్లే చేస్తాం" అన్నది. నేను పనిచేసినదంతా ఎయిడెడ్ బడులలోనే. ఒక పేరుపడిన ఎయిడెడ్ బడి చెప్పాను. ఆంగ్ల మాధ్యమం, పెద్ద ప్రయోగశాల, క్రమశిక్షణ. ఆ బడి నిజంగా మంచిదే. దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

2020లో తమిళనాడు శాసనసభ ఒక చట్టం చేసింది. ఆరవ తరగతి నుండి ప్లస్ టూ వరకు ప్రభుత్వ బడులలో చదివి నీట్ పరీక్షలో అర్హత పొందిన పిల్లలకు వైద్య, దంతవైద్య, దేశీయ వైద్య కోర్సులలో 7.5 శాతం సీట్లు ప్రత్యేకించారు. అంతకుముందు ఏట ప్రభుత్వ బడుల నుండి ఎంబీబీఎస్‌లో చేరినవారిని చేతివేళ్ళ మీద లెక్కించవచ్చు. చట్టం వచ్చిన మొదటి ఏటనే వారి సంఖ్య మూడు వందలు దాటింది. 2021లో ఇటువంటి రిజర్వేషన్‌ను ఇంజనీరింగ్, వ్యవసాయ, పశువైద్య, న్యాయ విద్యలకు కూడా విస్తరించారు. 2022లో మద్రాసు హైకోర్టు వైద్య సీట్ల చట్టాన్ని సమర్థించింది. ఇవన్నీ నేను పత్రికలో చదివినవాణ్ణే. చదివి, జీతం ప్రభుత్వమే ఇస్తున్నది గదా, ఎయిడెడ్ బడి కూడా ఇందులోకి వస్తుందనుకున్నాను. రాదు. కార్పొరేషన్ బడి వస్తుంది, మునిసిపల్ బడి వస్తుంది, కళ్ళర్ బడి, ఆది ద్రావిడ సంక్షేమ బడి వస్తాయి. ఎయిడెడ్ రాదు. విద్యాహక్కు చట్టం క్రింద ఎనిమిది వరకు ప్రైవేటు బడిలో ఉచితంగా చదివి, తొమ్మిది నుండి ప్రభుత్వ బడికి వచ్చినవారికి కూడా అవకాశం ఉన్నది. మా పిల్ల దారి సరిగ్గా తలక్రిందులు: ఎనిమిది వరకు ప్రభుత్వ బడి, తరువాత ఎయిడెడ్.

2025లో ఆమె నీట్ వ్రాసింది. అర్హత వచ్చింది, సాధారణ కోటాలో సీటుకు చాలలేదు. ఎనిమిదవ తరగతి వరకు ఆమె ప్రక్కన కూర్చుని చదివి, కార్పొరేషన్ బడిలోనే ఉండిపోయిన స్నేహితురాలికి ఆమె కంటే కొన్ని మార్కులు తక్కువ వచ్చాయి. ఆ అమ్మాయి ఇప్పుడు వైద్య కళాశాలలో చదువుకుంటున్నది. మా మేనకోడలు బీఎస్సీ నర్సింగ్‌లో చేరింది. "పరవాలేదు మామయ్యా" అన్నది. ఆ మాట వినకుండా ఉంటే బాగుండేదనిపించింది.

నెలకు వెయ్యి రూపాయల సంగతి కూడా చెప్పాలి. ప్రభుత్వ బడులలో ఆరు నుండి పన్నెండు వరకు చదివి పై చదువులకు వెళ్ళే అమ్మాయిలకు పుదుమై పెణ్ పథకం 2022 సెప్టెంబరులో మొదలయింది. అబ్బాయిలకు తమిళ్ పుదల్వన్ పథకాన్ని 2024 ఆగస్టు 9న మన కోయంబత్తూరులోనే ప్రారంభించారు. ఎయిడెడ్ బడులలో తమిళ మాధ్యమంలో చదివినవారిని కూడా వీటిలో చేర్చారు. మా పిల్ల ఆంగ్ల మాధ్యమం. కనుక అదీ లేదు. ఒక కూలి కుటుంబానికి ఆ వెయ్యి బస్సు ఖర్చు, పుస్తకం ఖర్చు. ఇక తమిళ మాధ్యమంలో చదివినవారికి రాష్ట్ర ప్రభుత్వపు ప్రత్యక్ష నియామకాలలో 20 శాతం ప్రాధాన్యం 2010 నాటి చట్టం నుండి ఉన్నది. ఆంగ్ల మాధ్యమం వైపు పరుగెత్తేవారు ఈ మూటను కూడా త్రాసులో వేసి చూచుకోవాలి.

భాష సంగతికి వచ్చాం. 1968 నుండి ఈ రాష్ట్రంలో ద్విభాషా విధానం. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ప్రకారం పదవ తరగతి వరకు తమిళం తప్పనిసరి పాఠ్యాంశం. ఒకటవ తరగతితో మొదలై ఏటా ఒక తరగతి చొప్పున పైకి వచ్చి, 2016 పరీక్షల నాటికి పదిని చేరింది. భాషా అల్పసంఖ్యాకులు న్యాయస్థానాలకు వెళ్ళగా కొన్ని సంవత్సరాల పరీక్షలకు మినహాయింపులు లభించాయి. ఆంధ్ర నుండి ఏడవ, ఎనిమిదవ తరగతి మధ్యలో పిల్లలను తెచ్చినవారు ఈ విషయం చేరిన రోజునే ప్రధానోపాధ్యాయుణ్ణి అడగండి, వ్రాతపూర్వకంగా అడగండి. పదవ తరగతి జనవరిలో అడిగితే ఆయన మాత్రం ఏం చేయగలడు? నా సొంత అభిప్రాయం చెప్పమంటారా? పిల్లకు తమిళం రానివ్వండి. పన్నెండేళ్ళ పిల్ల వీధిలో ఆడుకుంటూ ఆరు నెలలలో మాట నేర్చుకుంటుంది. ఒక ఏడాదిలో వ్రాత పట్టుబడుతుంది. భయపడేది తల్లిదండ్రులే.

తెలుగు ఎక్కడ దొరుకుతుంది? హోసూరు, తిరుత్తణి వైపు తెలుగు మాధ్యమపు ప్రభుత్వ బడులున్నాయి. మన నగరంలో ఏ బడిలోనైనా తెలుగు పాఠ్యాంశంగా ఉన్నదా అని అడిగి తెలుసుకోవాలి. సాధారణంగా ఉండేవి తమిళం, ఆంగ్లం రెండే. తెలుగు భాషా అల్పసంఖ్యాక సంస్థ అన్న హోదా గల విద్యాలయాలు ఈ రాష్ట్రంలో ఉన్నాయి. అటువంటి బడికి వెళ్ళినప్పుడు, "అయ్యా, ఇక్కడ తెలుగు చెబుతారా?" అని మర్యాదగా అడగండి. హోదా వలన కలిగే సౌకర్యాలు తీసుకునేవారిని ఆ భాష పాఠం గురించి అడగటం అపరాధం కాదు. పదిమంది తల్లులు అడిగితే వారంలో రెండు పీరియడ్లయినా వస్తాయేమోనని నా ఆశ.

మన పెద్దలు ఈ నగరంలో బడుల కొరకు ఎంతో చేశారు. 1926లో పీళమేడులో పీఎస్‌జీ అండ్ సన్స్ ధర్మనిధి ఏర్పడింది. అక్కడి ఉన్నత పాఠశాలకు సర్వజన అన్న పేరు ఉండటం నాకెప్పుడూ నచ్చుతుంది. జీ.డీ. నాయుడు గారికి బడి అంటే గిట్టదు. అయినా ఈ ఊళ్ళో యంత్రవిద్య నేర్పే సంస్థకు పునాది వేసినవారిలో ఆయన ఉన్నారు. ఈ పేర్లు మనం సభలలో గర్వంగా చెప్పుకుంటాం. మరి కార్పొరేషన్ బడి అనగానే మన ముఖాలలో ఒక ముడత ఎందుకు పడుతుంది?

కారణం చెప్పుకోవటానికి ఇబ్బందిగా ఉంటుంది గాని, చెప్పాలి. ఈ నగరపు వీధులు ఊడ్చే అరుంధతీయులు ఇంట్లో తెలుగు మాట్లాడతారు. మనకంటే ముందు ఈ గడ్డకు వచ్చినవారు వారిలో ఎందరో. వారి పిల్లలు కార్పొరేషన్ బడిలో చదువుతారు. "ఆ బడికా?" అని మనవారు పెదవి విరిచినప్పుడు, ఆ విరుపు చదువును గురించి కాదని నాకు చాలాసార్లు అనిపించింది. 2009లో రాష్ట్రం అరుంధతీయులకు షెడ్యూల్డు కులాల కోటాలో 3 శాతం ప్రత్యేకించింది. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు దానిని నిలబెట్టింది. నా వద్ద లెక్కలు నేర్చుకున్న ఒక పారిశుద్ధ్య కార్మికుని కుమారుడు ఇప్పుడు ఇంజనీరు. మొన్న బజారులో కనిపించి తెలుగులోనే పలకరించాడు. ఆ తెలుగు మా ఇంటి తెలుగు కంటే కలుషితం కాని తెలుగు.

మదురలో కార్పొరేషన్ బాలికల బడుల పేర్లు ఎప్పుడైనా చదివారా? అవ్వై, వెళ్ళివీధియార్, కాక్కైపాడినియార్, పొన్ముడియార్. అందరూ సంగకాలపు కవయిత్రులు. రెండు వేల ఏళ్ళ నాటి ఆడవారి పేర్లు పెట్టుకున్న బడులకు ఆడపిల్లలు నడిచి వెళుతున్నారు. నాయక రాజుల మహలు చూడటానికి మదుర వెళ్ళే మన కుటుంబాలు ఒకసారి ఈ బడుల ముందు కూడా ఆగి రావచ్చు. బడి పిల్లలకు ఉదయపు అల్పాహారం ఇచ్చే పథకం కూడా 2022 సెప్టెంబరు 15న మదురలోని ఒక కార్పొరేషన్ ప్రాథమిక పాఠశాలలోనే మొదలయింది.

ఇప్పుడు పని సంగతి. ప్రతి బడికీ పదకొండు అంకెల యూడైస్ సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యతో బడి వివరాలను ప్రభుత్వపు యూడైస్ ప్లస్ పుటలో ఎవరైనా చూడవచ్చు. ఏ తరగతిలో ఎందరు పిల్లలు, ఎందరు ఉపాధ్యాయులు, గదులెన్ని, మరుగుదొడ్లెన్ని, అన్నీ ఉంటాయి. రెండు వరుస సంవత్సరాల అంకెలు తీసుకుని, నిరుటి తొమ్మిదికీ ఈ ఏటి పదికీ తేడా ఎంతో మీరే లెక్క వేయవచ్చు. ఫోను మీకు రాకపోతే మీ పిల్లకు వచ్చు. తరువాత బడికి స్వయంగా వెళ్ళండి. వానాకాలంలో వెళితే మరీ మంచిది. పైకప్పు సంగతి తెలుస్తుంది. ప్రభుత్వ బడులలో పాఠశాల యాజమాన్య సంఘం ఉంటుంది. విద్యాహక్కు చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు ఉండాలి. సగం మంది స్త్రీలు ఉండాలి. ఆ సంఘం సమావేశాలకు తెలుగు తల్లులు రావటం నేను చాలా అరుదుగా చూచాను. తమిళం సరిగా రాదని సిగ్గుపడతారు. రాకపోయినా రండి. మీ పిల్ల ప్రక్కన కూర్చుని అనువదిస్తుంది.

మా మేనకోడలికి ఒక తమ్ముడున్నాడు. ఈ ఏడు అయిదవ తరగతి పూర్తి చేశాడు. పోయిన వారం మా చెల్లెలు మళ్ళీ వచ్చి, "అన్నయ్యా, వీణ్ణి ఎక్కడ చేర్చమంటావు?" అని అడిగింది. ఈసారి నేను పేరు చెప్పలేదు. కాఫీ త్రాగి, ఇద్దరం బయలుదేరి రెండు కార్పొరేషన్ బడులకు, ఒక ఎయిడెడ్ బడికి వెళ్ళాం. నా మేనకోడలు కూడా కాలేజీకి సెలవు పెట్టి మాతో వచ్చింది. ప్రతి చోటా ప్రధానోపాధ్యాయుణ్ణి ఆమే అడిగింది: తొమ్మిదిలో ఎందరు, పదిలో ఎందరు, జీవశాస్త్రానికి ఉపాధ్యాయుడు ఉన్నారా అని. ఒక చోట ఆయన ముఖం చిట్లించారు. ఒక చోట హాజరు పట్టీ తెచ్చి మా ముందు పెట్టారు. సోమవారం ఆ రెండవ బడిలో పిల్లవాణ్ణి చేరుస్తున్నాం. అది మేల్‌నిలై పళ్ళి. బోర్డు మీద ఉదవి అన్న మాట లేదని నేను రెండుసార్లు చదివి చూచుకున్నాను.

మీ వద్ద ఏ ఏ బడుల పేర్లున్నాయో చెప్పండి. యూడైస్ సంఖ్యలు వెదకి ఇక్కడే చూద్దాం. మా మేనకోడలు ఫోనుతో ముందు వరుసలోనే కూర్చుని ఉన్నది.